సున్నం గోడ మీద పదిమంది

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి కొబ్బరిపాలు కాచి నూనె తీసింది. పాలు విరిగి, నీరంతా ఇగిరి, అడుగున గసి ఎర్రబడుతుంటే వచ్చే ఆ తియ్యటి వాసనకి మా కోనసీమవాళ్ళెవరికైనా అమ్మ చేతి తలంటు గుర్తుకు రావాలి. నాకు మాత్రం తోలు ఫుట్‌బాల్ గుర్తొస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వండి. మా చిన్నప్పుడు బంతి దొరకడం ఎంత అపురూపమో దాన్ని బతికించుకోవడం అంతకంటే పెద్ద పని. వానకి నాని, ఎండకి బిగుసుకుపోయి, కుట్ల దగ్గర నోళ్ళు తెరిచే ఆ తోలుకి ప్రతి శనివారం కొబ్బరినూనె పట్టించి, పసిబిడ్డకి ఒళ్ళు రుద్దినట్టు రుద్ది, ఎండ తగలని మూల చూసి పడుకోబెట్టేవాళ్ళం.

అదే సమయానికి మా మనవడు సోఫాలో వాలి ఫోనులో టీము కడుతున్నాడు. ప్రపంచంలో ఇంతవరకు ఆడినవాళ్ళందరిలోంచీ పదకొండు మందిని ఏరి, పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ ఒకే మైదానంలో నిలబెట్టి, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళ టీములతో పోటీ పెట్టే ఆట అది. ఎవరు గొప్పో తేలకపోతే వీడియో తీసి చూపిస్తాడు. వాదన అక్కడితో సరి.

"తాతయ్యా, మీ ఆల్‌టైమ్ టీము చెప్పండి, పెడతాను" అన్నాడు.

మావాళ్ళు నీ ఫోనులో దొరకర్రా అన్నాను గానీ, అడిగేవాడు దొరికాక ఊరుకోగలనా, గోలీ దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ పోయాను. పదో పేరు దగ్గర ఆగిపోయాను.

మా ఊరు అంబాజీపేటకి సైకిలు మీద అరగంట. దొరల కాలంలో మిషను బడితోపాటు వచ్చిన ఫుట్‌బాల్, దొరలు వెళ్ళిపోయినా మా పేటలో ఉండిపోయింది. ఊడ్పులు అయిపోయి, రోజుల తరబడి ముసురు పట్టి, కాలవలు గట్లు ఒరుసుకుని పారుతుంటే, బడి వెనక మైదానంలో మోకాలి లోతు బురదలో ఒట్టికాళ్ళతో ఆడేవాళ్ళం. బంతి కాలవలో పడితే ఈదగలిగినవాడు దూకేవాడు, ఈదలేనివాడు గట్టు మీద పరిగెడుతూ దారి చెప్పేవాడు. కోతలయ్యాక నేల ఎండి పగుళ్ళిచ్చేది. అప్పుడు దెబ్బ తగిలితే నెత్తురు, ముసురులో తగిలితే వాపు. రెండిటికీ మందు మళ్ళీ కొబ్బరినూనే, పసుపు కలిపి.

అయితే ఆడటం ఒక ఎత్తు, ఆడినవాళ్ళ గురించి వాదించుకోవడం ఇంకో ఎత్తు. ఆ వాదనలన్నీ సూర్రాజు గారి కొబ్బరి షెడ్డులో జరిగేవి. సూర్రాజు గారు తోటలున్న రైతు, చదువుకునే రోజుల్లో మిషను బడి టీములో కుడి బ్యాకు ఆడినవాడు. ఆయన షెడ్డులో అటక మీద కురిడీలు నెలల తరబడి ఎండుతుండేవి, ఊపితే లోపల కొబ్బరి లొడలొడమనేది. కింద మా పేట మగవాళ్ళు నేలలో పాతిన ఇనప మొన మీద కాయలు ఒలుస్తూ, ఒక్కో కాయకి ఒక్కో మాట చొప్పున పాత ఆటలన్నీ మళ్ళీ ఆడేవారు. వాళ్ళలో పెద్ద ఏసుపాదం తాతయ్య. ఒకప్పటి గోలీ. ఎడమ చేతి చిటికెన వేలు ఎప్పుడో బంతి తగిలి వంకరపోయింది. దాన్ని పదవీ చిహ్నంలా ముందుకు పెట్టి మాట్లాడేవాడు. బూట్లు లేకుండా ఆడినవాళ్ళు గొప్పా, బూట్లు వచ్చాక ఆడినవాళ్ళు గొప్పా అన్న ఒక్క ప్రశ్న మీద మూడు వర్షాకాలాలు గడిచిపోవడం నాకు తెలుసు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ లోకువంతా మేమే, కొబ్బరి పీచు గుట్టల మీద కూర్చున్న పిల్లలం.

క్రిస్మస్ ముందు శనివారం ఆ వాదనలన్నీ గోడకెక్కేవి. చర్చికి వెల్లవేయగా మిగిలిన సున్నం తెచ్చి షెడ్డు పడమటి గోడకి పూసేవారు. అది ఆరాక, కొబ్బరిచిప్ప బొగ్గుతో ఊరి పుట్టుకనుంచీ ఆడినవాళ్ళలో మేలైన పదకొండు మంది పేర్లు, ఎవరు నిలబడే చోట వాళ్ళని, గోలీ కింద, ఫార్వర్డులు పైన రాసేవారు. దాన్ని పెద్ద టీము అనేవారు. అందులో సూర్రాజు గారి పేరూ ఏసుపాదం తాతయ్య పేరూ దగ్గరదగ్గరగా ఉండేవి, రెండిటికీ గారు లేకుండా. ఊళ్ళో ఆ రెండు పేర్లు సమానంగా ఉన్న చోటు అదొక్కటే. రాసే పని నాది, నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని.

పెద్ద టీముకి రూలు ఒకటే. పేరు ఎక్కాలంటే అతని ఆట కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు, బతికున్నవాళ్ళు, గోడ ముందు నిలబడి చెప్పాలి. ఒక్కడి మాట చెల్లదని మాకు సండే స్కూల్లో నూరిపోసినదే. చూశానని మా తాత చెప్పాడు, మా బాబాయి చెప్పాడు అంటే కుదరదు. అందుచేత ఏటేటా ఎవరో ఒక ముసలాయన పోవడం, ఆయనతోపాటు గోడ మీద ఒక పేరు పోవడం జరిగేది. సున్నం కింద ఎంతమంది ఉన్నారో లెక్కలేదు.

ఎడమ కొసన ఉండే ఫార్వర్డు పేరు దావీదు. మా నాన్న.

నాకు మూడేళ్ళప్పుడు పచ్చకామెర్లతో పోయాడు. ఫొటో లేదు. మొహం నాకు గుర్తు లేదు. ఊళ్ళో ఆయన పేరు రాసి ఉన్న చోట్లు రెండే, ఒకటి సమాధి మీద కర్ర సిలువ, రెండోది షెడ్డు గోడ. సిలువని నేను రెండో తరగతిలో ఉండగానే చెదలు తినేశాయి. ఇక నాకు నాన్నంటే డిసెంబరులో నా చేత్తో రాసుకునే మూడక్షరాలే. ఆయన మా ఊరివాడు కూడా కాదు, అమ్మని చేసుకుని వచ్చి ఉండిపోయినవాడు. ఊరి తరఫున ఆడింది ఒక్కటే మ్యాచి, నేను పుట్టకముందు, రాజోలులో. వైనతేయ పాయ దాటి పడవలో వెళ్ళినవాళ్ళలో కొందరు పోయారు, కొందరు పొట్ట చేతపట్టుకుని ఎటో వెళ్ళిపోయారు. సాక్షులుగా మిగిలింది సూర్రాజు గారూ ఏసుపాదం తాతయ్యా.

ఆ ఇద్దరికీ ఒక మాట మీద పొత్తు కుదరదు. ఏసుపాదం తాతయ్య లెక్కలో ఆ రోజు కుంభవృష్టి. గోలు ముందు నీళ్ళు నిలిచి, బంతి దొర్లకుండా ఆగిపోతుంటే, మా నాన్న దాన్ని బొటనవేలితో గాల్లోకి లేపి, కింద పడకముందే ఎడమ కాలితో కొట్టాడు. సూర్రాజు గారి లెక్కలో చినుకు లేదు, ఎర్రటి ఎండ, దుమ్ము కళ్ళల్లో పడి ఎదుటి గోలీకి బంతి కనపడలేదు.

"ఇద్దరు రెండు మాటలు చెబితే అదేం సాక్ష్యమండీ? అందులోనూ ఒక్క మ్యాచీ ఆడినోడు పెద్ద టీములో ఏంటండీ?" అని ఎవరో ఒకరు ప్రతి ఏడూ గొణిగేవారు.

"ఆ ఒక్కటీ చాలండి, నేను చూసేను గదండీ" అనేవారు సూర్రాజు గారు. నేను ఊపిరి బిగబట్టి రాసేవాణ్ణి.

నాకు పదేళ్ళప్పుడు, నా జతగాడు ప్రసాదు వాళ్ళ తాత మోషే వంతు వచ్చింది. ఆయన సెంటర్ హాఫు, ఊళ్ళో తిరుగులేని పేరు. భాద్రపదంలో ఆయన సాక్షుల్లో ఒకాయన కన్నుమూశాడు. గోడ ముందు పెద్దవాళ్ళు అటూ ఇటూ చూసి, పోనీలే, అంతటివాడి పేరు లేకపోతే ఎలాగని రాసేయమన్నారు. బొగ్గు నా చేతిలో ఉంది.

"ఒక్కరేనండి సాక్షి. రూలు రూలేనండి" అన్నాను.

అంత పెద్దమనిషి తరహా నాకెక్కడిదంటే, భయంలోంచి వచ్చింది. రూలు ఒకరికి వదులైతే, రేపు వాదించి మా నాన్నని తీసేసేవాళ్ళకీ దారి దొరుకుతుందని నా భయం. పెద్దవాళ్ళు పిల్లవాడి ముందు తగ్గలేక ఊరుకున్నారు. మోషే పేరు చోట ఇంకొకరి పేరు రాశాను. ప్రసాదు సున్నం బొక్కెన పట్టుకుని నిలబడి చూశాడు. ఆ సాయంత్రం ఆటకి కూడా వచ్చాడు. నాకే బంతి అందించాడు.

ఎవరు తీసిన గోతిలో వారే పడతారని ఊరికే అనలేదు. రెండేళ్ళు తిరక్కుండా, కార్తీకంలో, సూర్రాజు గారు తోటలో కొబ్బరికాయల దింపు తీయిస్తూ కూలబడి, ఇంటికి మోసుకొచ్చేలోపే పోయారు. ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను గానీ, నిజం చెప్పాలంటే ఆయన కోసం కాదు.

క్రిస్మస్ వారంలో ఇల్లిల్లూ బెల్లం పాకం వాసన. మా అమ్మ బియ్యప్పిండి పాకంలో కొబ్బరిముక్కలు కలిపి, ఉండలు చుట్టి పాకుండలు వేయిస్తోంది. పొయ్యి పక్కన కూలబడి, నువ్వు వచ్చి నాన్న ఆట చూశానని చెప్పమ్మా అని బతిమాలాను. ఒక్క మాట చెబితే అయిపోతుందన్నాను. అమ్మ అబద్ధం చెప్పి ఎరగదు.

"ఆడాళ్ళు ఏరు దాటి ఆట చూడ్డానికి ఎల్తారేంట్రా? నేను చూళ్ళేదు నాన్నా. ఆయన రాజోలు నుంచి వచ్చేక ఆ చొక్కా మట్టి మాత్రం నేనే ఉతికేను. మూడు నీళ్ళు పెడితేగానీ వదల్లేదు. అది చెప్పమంటే వచ్చి చెబుతాను."

"చొక్కా ఉతికితే సాక్ష్యమా అమ్మా?" అని విసురుగా లేచిపోయాను. ఆవిడ సరేలే అని, మాడబోతున్న పాకుండలు తీసుకుంది.

శనివారం గోడ తెల్లగా ఆరింది. పది పేర్లు రాశాను. ఎడమ కొస మిగిలింది. ఏసుపాదం తాతయ్య వంకర వేలు చూపించి, నేను చూసేను, రాయమన్నాడు. ఎవరూ కాదనలేదు. రెండో సాక్షి ఎవరని అడగలేదు. అందరూ నా వైపు చూడకుండా కాయల గుట్ట వైపు చూశారు. అప్పుడు ప్రసాదు బొక్కెన కింద పెట్టాడు.

"నేను చూసేనండి, ఆళ్ళ నాన్న ఆట" అన్నాడు.

"ఆయ్. ఇద్దరయ్యేరు. రాయరా" అన్నాడు ఏసుపాదం తాతయ్య.

రాసేస్తే అయిపోయేది. కానీ వాడి తాతని నేను తీసేస్తే, మా నాన్నని వాడు నిలబెట్టడమా అన్న సిగ్గు నన్ను దహించేసింది. ఆ సిగ్గు నోట్లోంచి పౌరుషమై వచ్చింది.

"అప్పటికి ఆడు పుట్టనేలేదండి. అబద్ధమండి" అన్నాను.

బొగ్గు కింద పడేశాను. ఏసుపాదం తాతయ్య "మీ నాన్నని నువ్వే బయట కూచోబెట్టేవు గదరా" అని తిరిగి కాయలు ఒలుచుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ ఏడు పెద్ద టీము పదిమందితోనే ఉండిపోయింది.

మళ్ళీ రాసే యోగం రాలేదు. వేసవిలో ఏసుపాదం తాతయ్య పోయాడు. ఆ వానాకాలం వచ్చిన తుఫానుకి షెడ్డు పడమటి గోడ కూలింది. సూర్రాజు గారి కొడుకులు మిగిలినది కూడా తీయించేశారు. తర్వాత్తర్వాత చుట్టుపక్కల పొలాలు రొయ్యల చెరువులై, ఉప్పునీరు ఊరి ఊరి మైదానంలో గడ్డి చచ్చిపోయింది. ప్రసాదు గల్ఫు వెళ్ళి, పెట్టెలో తిరిగొచ్చాడు. వాడికి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండేది, చెప్పలేదు.

అమ్మ పోయిన చాలా ఏళ్ళకి, మా అమ్మాయి బడినుంచి వస్తూ వానలో జారిపడితే, దాని తెల్ల జాకెట్టు నూతి దగ్గర నేనే ఉతికాను. బంకమట్టి. మూడో బకెట్టుకి గానీ నీళ్ళు తేటపడలేదు. అక్కడే కూర్చుండిపోయాను. దుమ్మైతే దులిపితే పోతుంది, ఒక్క జాడింపుకి వదులుతుంది. మూడు నీళ్ళు అడిగేది బురద. అంటే ఆ రోజు రాజోలులో వాన పడింది. ఏసుపాదం తాతయ్య చెప్పిందే నిజం. నాన్న ఆ నీళ్ళల్లోంచి బంతి లేపాడు, ఆ బురదతోనే ఇంటికొచ్చాడు, అమ్మ ఆ బురద చూసింది. ఆ శనివారం ఊళ్ళో ఇద్దరు సాక్షులూ, తాతయ్యా అమ్మా, బతికే ఉన్నారు. ఒకరిని గోడ దగ్గర, ఇంకొకరిని పొయ్యి దగ్గర, నేనే కాదన్నాను. ఇప్పుడు తెలిసి ఏం లాభం? గోడ లేదు, చెప్పడానికి వాళ్ళు లేరు, నేను నాన్న ఆట ఒక్కటీ చూసినవాణ్ణి కాను.

"పదిమందే చెప్పేరు తాతయ్యా. పదకొండో పేరు పెట్టకపోతే ఇది తీసుకోదు. ఎడం పక్క ఎవరు?" అన్నాడు మనవడు.

"దావీదు. మా నాన్న."

వాడు లేచి కూర్చున్నాడు. "నిజంగానా? బాగా ఆడేవారా? మీరు చూసేరా?"

"లేదురా. మా అమ్మ చొక్కా ఉతికింది."

వాడు నేనేదో జోకు వేశాననుకుని పకపకా నవ్వి, ఫోనులో ఉన్నవాళ్ళలోంచే ఒక పేరు తీసి ఆ ఖాళీలో పెట్టుకున్నాడు.