మావయ్య చెప్పని సగం

మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా చిన్నాన్నగారబ్బాయి ఒక వీడియో పెట్టాడు. నలభై సెకన్లుంటుంది. పాత క్యాసెట్ నుంచి ఎక్కించినట్టున్నారు, బొమ్మంతా గీతలు. అందులో మా మేనమామ. "తత్వశాస్త్రం చదివితే ఉద్యోగం రాదండి. పిల్లలు చేరడంలేదు. చేరని పిల్లల కోసం లెక్చరర్లని కూర్చోబెడితే చేరిన పిల్లలకి అన్యాయం" అంటున్నారు. కింద "అప్పట్లోనే ఎంత ప్రాక్టికల్‌గా మాట్లాడారో" అని రాసి, చప్పట్ల బొమ్మలు. నేను అన్నం తింటూ చూశాను. బాధ కలుగుతుందేమోనని కాసేపు ఆగాను. ఏమీ కలగలేదు. పెరుగు కలుపుకున్నాను.

మావయ్య బెజవాడలో ఒక కాలేజీలో ఆ తత్వశాస్త్రమే చెప్పేవారు. తొంభైల్లో నా డిగ్రీ మూడేళ్లూ ఉయ్యూరులో వాళ్లింట్లోనే ఉండి, ఆయనతోపాటే బస్సులో వెళ్లొచ్చేదాన్ని. చెరకు ఆడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ నుంచి బెల్లం మాడినట్టు ఒక వాసన వచ్చి, ఆరేసిన బట్టలకి కూడా పట్టేది. ఆ ఇంట్లో ఒక రూలుండేది. ఎవరితోనైనా వాదన పెట్టుకునే ముందు, అవతలివాళ్ల మాట మనమే చెప్పాలి. అదీ వాళ్లు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకునేలా. దాన్ని ఆయన పూర్వపక్షం అనేవారు. వెనకటి పండితులు అలాగే వాదించుకునేవారట. "వాళ్లకి బస్సు టైములు లేవు మావయ్యా" అనేదాన్ని నేను. టీవీలో అందాల పోటీలు కొత్తగా వస్తున్న రోజుల్లో, అత్తయ్య చూసి "సిగ్గులేకపోతే సరి" అంది. వాళ్లిష్టం, మనకెందుకన్నాను. మావయ్య కంచం ముందు నుంచే చెయ్యెత్తి "ఆగమ్మాయ్, ముందు మీ అత్తయ్య మాట చెప్పు" అన్నారు. రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ అత్తయ్య తల అడ్డంగా ఊపింది. మూడోసారి, "పెళ్లిచూపుల్లో ఆడపిల్లని ఎగాదిగా చూసింది చాలక ఇప్పుడు టీవీలో కూడానా అంటోంది అత్తయ్య" అన్నాను. "ఆఁ, అదే" అని అత్తయ్య నాకు ఇంకో గరిటె చారు పోసింది. "ఇప్పుడు నీ మాట చెప్పు" అన్నారు మావయ్య. తీరా చూస్తే నా దగ్గర సగమే మిగిలింది. ఆ ఇంట్లో ఏ పోట్లాటా సరిగ్గా సాగేది కాదు, అన్నాలు మాత్రం చల్లారిపోయేవి.

రెండువేల సంవత్సరం దాటాక నేను బెజవాడలో ఒక లోకల్ కేబుల్ చానల్లో యాంకర్‌గా చేరాను. శనివారం సాయంత్రం అరగంట చర్చ, లైవ్. సరిగ్గా అప్పుడే మావయ్య కాలేజీలో తత్వశాస్త్రం గ్రూపు ఎత్తేద్దామని కమిటీవాళ్లు అనుకుంటున్నారు. పాతికేళ్లు ఆయన పాఠం చెప్పిన గ్రూపు. నేనే ఫోన్ చేసి, "రండి మావయ్యా, మీ మాట ఊరంతా వింటుంది" అన్నాను. రెండో అతిథి, కొత్తగా ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన కరస్పాండెంటుగారు. ఆ గ్రూపు ఎత్తెయ్యడమే మంచిదని ఆయన పన్నెండు నిమిషాలు మాట్లాడారు. తర్వాత ఫోన్లు. ఒకాయన మాది పాటల ప్రోగ్రామనుకుని, వాళ్లావిడ పుట్టినరోజుకి పాట వెయ్యమని పట్టుబట్టాడు. మావయ్య వంతు వచ్చేసరికి ఐదు నిమిషాలున్నాయి.

"ముందు వారి మాట చెబుతాను" అని మొదలుపెట్టారు. నాలుగున్నర నిమిషాలు చెప్పారు. కరస్పాండెంటుగారికి తట్టని కారణాలు కూడా వెతికి, తనకే వ్యతిరేకంగా, చక్కగా చెప్పారు. మొన్నటి వీడియోలో ఉన్నవి అందులో నలభై సెకన్లు. చివర ఆయనవైపు తిరిగి "ఏమైనా వదిలేశానాండీ?" అని అడిగారు. "అబ్బే, నాకంటే బాగా చెప్పారు మాస్టారూ" అన్నారాయన. మావయ్య కుర్చీలో ముందుకి జరిగి "ఇక నా మాట" అన్నారు. కెమెరా వెనక ప్రొడ్యూసర్ వాచీ చూపించాడు. తర్వాతిది చీరల షాపువాళ్ల ప్రోగ్రాం. రెండు నిమిషాలు లాగొచ్చు. లాగినవాళ్లున్నారు, తిట్లు తిన్నారంతే. ఆ స్టూడియోలో ఆయన పద్ధతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నవ్వి, నమస్కారం పెట్టి, "సమయం అయిపోయిందండీ" అన్నాను.

తర్వాత కమిటీ మీటింగులో ఎవరో "మీరే టీవీలో ఒప్పుకున్నారు కదా మాస్టారూ" అన్నారట. ఆ ఏడాది ఆ గ్రూపులో అడ్మిషన్లు తీసుకోలేదు. రిటైరయ్యేదాకా ఆయన్ని లైబ్రరీ చూసుకోమన్నారు.

నెలరోజులకి ఉయ్యూరు వెళ్లాను. వసారాలో కూర్చుని, "నాదే తప్పు మావయ్యా" అన్నాను. ఆయన పేపరు మడిచారు. "నీ మాట నేను చెప్తానుండు. ఉద్యోగం కొత్త. ప్రొడ్యూసర్ ఎదురుగా ఉన్నాడు. మావయ్య కాబట్టి టైమిచ్చిందంటారని భయం. టైము తక్కువని తెలిసీ మావయ్యే ముందు తన మాట చెప్పుకోవచ్చుగా అని లోపల కాస్త కోపం కూడా. సరిగ్గా చెప్పానా?" అన్నారు. ఆ ఆఖరిది నేను నాక్కూడా చెప్పుకోలేదు. సిగ్గేసింది. "అవును, అదే" అన్నాను. ఇక తన మాట చెబుతారని తల వంచుకుని కూర్చున్నాను. లోపలి నుంచి అత్తయ్య భోజనానికి పిలిచింది. ఆయన లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు.

ఆ తర్వాత ఆయన పదేళ్లు బతికారు. పండక్కీ పబ్బానికీ వెళుతూనే ఉన్నాను, అదే వసారాలో గంటలకొద్దీ కూర్చున్నాను. ఆ రోజు నేనివ్వనివి రెండు నిమిషాలే. ఇద్దరికీ తీరికగా పదేళ్లుంటే, "ఇప్పుడు మీ మాట చెప్పండి మావయ్యా" అని ఒక్కసారీ అడగలేదు.