పడుగు ఆరేదాకా

మొన్న మాఘమాసంలో, చలి తగ్గి ఎండ కాస్త ముదురుతోందనుకుంటున్న వేళ, శ్రావణంలో కూడా చూడనంత వాన ఒక్క పూటలో కురిసి అమలాపురం వీధులు కాలవలయిపోయిన మర్నాడు, లోకల్ ఛానెల్ నుంచి ఒకమ్మాయి కెమెరా అతన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను వాతావరణ శాఖలో పనిచేసి రిటైరయ్యానని, ఆ తరవాత కొన్నేళ్లు వాళ్ల ఛానెల్లోనే సాయంత్రం వార్తల చివర రేపటి ఎండా వానా చెప్పేవాణ్ణని ఎవరో చెప్పారట. నేను చెప్పే రోజుల్లో ఆ పిల్ల ఇంకా హైస్కూలుకి వెళ్తుండి ఉంటుంది.

“సీజన్లు మారిపోయాయి కదండీ, దానిమీద మీ అనుభవం రెండు నిమిషాల్లో చెప్పండి అంకుల్,” అంది. చేతికి ఒక గొడుగు కూడా ఇచ్చింది. వాన వెలిసిపోయింది కదమ్మా అంటే, పట్టుకుంటే చూడ్డానికి బాగుంటుందండి అంది. ఆ గొడుగు కింద నిలబడి ఏవో నాలుగు ముక్కలు నసిగాను. కొంచెం నవ్వుతూ చెప్పమంది. అది నాకు చేతకాలేదు. వాళ్లు మర్యాదగానే వెళ్లిపోయారు, ఆ ముక్కలు ఛానెల్లో వచ్చాయో లేదో నేను చూడనూ లేదు. కానీ ఆ రెండు నిమిషాల్లో ఇమడనిది లోపల మిగిలిపోయింది. నా ఈడు వాళ్లు మీరెవరైనా చదివితే, కనీసం నవ్వుతూ చెప్పమనరు గదా అని ఇది రాస్తున్నాను.

మాది బండారులంక, నేత కుటుంబం. మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా లోపల మగ్గం చప్పుడు వినిపించేది. ఇప్పటి వాళ్లకు చీర అంటే షాపులో మడత విప్పి చూపించే వస్తువు గానీ, మాకు అది వీధిలో మొదలయ్యేది. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ, దాన్నే పడుగు అంటాం, తెల్లవారుతుండగా వీధి పొడవునా సాగదీసి కట్టి, పలచటి గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఇటు నుంచి అటు దువ్వుతూ లేత ఎండలో ఆరనిచ్చేవారు. గంజి పట్టని పోగు మగ్గం దెబ్బకు ఆగదు, పుటుక్కున తెగుతుంది. పట్టిన గంజి ఆరకముందే వాన పడిందా, పోగూ పోగూ అతుక్కుపోయి ముద్దవుతుంది. దాన్ని మళ్లీ విడదీయడం దేవుడికి కూడా కష్టమే. అందుచేత మా వీధిలో రోజు మొదలయ్యేది ఆకాశం వైపు చూడడంతోనే. మా నాన్నగారు తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి వెళ్లి తూర్పుకేసి చూసేవారు, గాలి ఏ చెంపకి తగులుతోందో చూసుకునేవారు, లోపల అమ్మ గంజి గిన్నె ముందు పెట్టుకుని పొయ్యి వెలిగించకుండా ఆయన మాట కోసం కూర్చునేది. ఆయన “పెట్టు” అంటే పొయ్యి వెలిగేది. “ఆగు” అంటే ఆ పూట ఇంట్లో అందరం చిన్నబుచ్చుకున్న మొహాలతో తిరిగేవాళ్లం. ఆయన మాట తప్పిన రోజులు ఉండే ఉంటాయి గానీ నాకు గుర్తున్నవి తక్కువ.

అది ఆయన గొప్ప అని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి. తరవాత చదువుకున్నాక తెలిసింది, సగం గొప్ప ఆ రోజులదేనని. అప్పుడు నెలలకు ఒక నడత ఉండేది. మృగశిర కార్తెలో మొదటి వానలు పడి, ఆషాఢంలో ఊడ్పులు సాగి, శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టేది, ఆ ముసురులో ఎలాగూ పడుగు వేయరు గనక అంతకుముందే సిద్ధం చేసుకున్న పడుగులు నేసుకుంటూ గడిపేవారు. ఆశ్వయుజం వెళ్తుండగా తూర్పుగాలి తిరిగి, సముద్రంలో వాయుగుండం పడితే ఓ వారం గడగడలాడించి, కార్తీకం చివరికి ఆకాశం తేటపడేది. ఆ మీదట మళ్లీ తొలకరి దాకా పొద్దున్న పూటలు మావే. తుఫాన్లు లేవని కాదు, ఇళ్లూ కొబ్బరిచెట్లూ నేలమట్టమైన తుఫాన్లు మా వీధీ చూసింది. కాని అవి వాటి నెలలో వచ్చేవి, చెయ్యవలసిన పాడు చేసి వెళ్లిపోయేవి, మనుషులు ఏడ్చి లేచి మళ్లీ పడుగు కట్టుకునేవారు.

నాన్నగారికి చూపు మందగించడంతో అన్నయ్య బడి మానేసి మగ్గంలో కూర్చున్నాడు. నేను అమలాపురం కాలేజీలో చదువుకుని వాతావరణ శాఖలో చేరాను. మా వీధిలో గవర్నమెంటు ఉద్యోగం అంటే పంతులో గుమాస్తాయో అనుకునేవాళ్లు, మబ్బులు చూడడానికి కూడా జీతమిస్తారని తెలిసి నవ్వారు. నాన్నగారు మాత్రం, “మావాడు నేను చూసే పనే చూస్తాడండి, కాకపోతే కుర్చీలో కూచుని చూస్తాడు,” అని ఎదురైన వాళ్లందరికీ చెప్పుకునేవారు. ఊరూరా తిరిగి నేను ఈ తీరానికే బదిలీ మీద వచ్చేనాటికి ఆయన లేరు. ఆయన తరవాత పొద్దున్నే వీధిలోకి వెళ్లి ఆకాశం చూడవలసినవాడు అన్నయ్య. చూసేవాడేమో గాని, అంతకన్నా ముందు రాత్రి భోజనానికి కూర్చోబోతూ నాకు ఫోన్ చేసేవాడు.

“ఏరా, రేపు పడుగు వేసుకోవచ్చంటావా?”

అంతే, ఇంకో మాట ఉండేది కాదు. వేసుకో అన్నయ్యా అనేవాణ్ణి, లేకపోతే రేపొద్దులే అనేవాణ్ణి. ఆ మాట అన్నయ్య ఇంటి నుంచి పక్కింటికి, అక్కణ్ణుంచి వీధి చివరికీ వెళ్లేదట, మీ తమ్ముడేమన్నాడండి అని అడిగి మరీ గంజి నానబెట్టుకునేవారట. శాఖలో నాకు పైవాళ్ల దగ్గర్నుంచి మెప్పు కాగితాలు వచ్చాయి, కాని మా వీధి ఆడవాళ్లు నా మాట మీద పొయ్యి వెలిగించారన్నదానికి అవి సాటి రావు.

ఆ నడత ఎప్పుడు చెడిందో ఫలానా ఏడాదని నేను చెప్పలేను. మొదట్లో ఇదేదో ఈ ఒక్క ఏడూ అనుకున్నాం. తొలకరి ఆలస్యమవడం, నెలంతా పడవలసిన వాన ఒక్క పూటలో కురిసి మళ్లీ మొహం చాటెయ్యడం, వైశాఖంలో ముసురు, కార్తీకం వెళ్లాక వాయుగుండాలు, చలికాలంలో ఉరుములు. కాలవకి ఈ ఒడ్డున కుంభవృష్టి, ఆ ఒడ్డున దుమ్ము. ఆఫీసులో ఒకప్పుడు లేని సాధనాలన్నీ వచ్చాయి, ఆకాశంలోంచి తీసిన బొమ్మలు గడియగడియకూ కళ్లముందుండేవి, సముద్రంలో పుట్టిన తుఫాను ఎటు పోతుందో మేం మునుపటికన్నా చాలా బాగా చెప్పగలిగాం, దానివల్ల ప్రాణాలు నిలబడ్డాయి, అది నేను కాదనను. కాని అన్నయ్య అడిగేది తుఫాను గురించి కాదు. రేపు పొద్దున్న బండారులంకలో ఒక్క వీధిలో, గంజి ఆరేదాకా చినుకు పడకుండా ఉంటుందా అని. దానికి నా దగ్గర ఉన్న జవాబు జిల్లాలో అక్కడక్కడ జల్లులు అని. ఆ అక్కడక్కడలో మా వీధి ఉందో లేదో చెప్పే సాధనం ఏదీ లేదు.

ఒకసారి తప్పింది, ఇంకోసారి తప్పింది. ఆకాశం నీ జేబులో ఉందేంట్రా అని అన్నయ్య తనే సర్దిచెప్పాడు. కాని రిటైరై ఛానెల్లో చెప్పడం మొదలుపెట్టాక ఊరంతా నా మొహం ఎరుగుదురు గనక టీ బడ్డీ దగ్గర నిలబడలేని పరిస్థితి వచ్చింది. గురువుగారు వాన లేదన్నారంటే గొడుగు తెచ్చుకోవాలండోయ్ అని నాకు వినబడేటట్టే అనుకునేవారు. దాంతో నాకు తెలియకుండానే నోరు జాగ్రత్తపడింది. ఏ రోజుకారోజు వర్షం పడే అవకాశం ఉంది అనడం అలవాటైంది. అలా అంటే ఎవరూ తప్పు పట్టలేరు. ఆ మాట విని అన్నయ్య ఇంట్లో పడుగు కట్టడం వాయిదా పడుతూ పోయింది, తీరా పొద్దున్న ఎండ కాసేది, మగ్గాలు ఖాళీగా ఉండిపోయేవి. ఒక రోజు ఫోన్లో అన్నాడు:

“రోజూ అదే మాట చెప్పేటప్పుడు నిన్నడగడం దేనికిరా?”

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. ఆ మర్నాడు ఫోన్ రాలేదు. ఆ తరవాతా రాలేదు.

తరవాత వచ్చిన కార్తీకం మొదట్లో చాలా రోజులు ముసురు పట్టి, ఒక పొద్దున్న పూలు పూసినట్టు ఎండ కాసింది. నేను డాబా మీద బట్టలు ఆరేస్తూ ఆగ్నేయం వైపు చూశాను. కొబ్బరి తలల మీదుగా ఒక మబ్బు పైకి లేస్తోంది, చూస్తుండగానే లావెక్కుతోంది. ఇన్నాళ్లకు ఎండ దొరికింది గనక మా వీధంతా పడుగులు కట్టి ఉంటుందని తట్టింది. అన్నయ్యకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. వదినకి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. స్కూటర్ తీసుకుని బయలుదేరాను. మనవలున్న మనిషిని, ఆ గతుకుల రోడ్డు మీద అంత వేగంగా ఎలా వెళ్లానో నాకే తెలియదు.

నేను వెళ్లేసరికి నా చిన్నప్పటిలాగే ఉంది వీధి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెల్లటి పడుగులు. అన్నయ్య ఒక పక్క, వదిన ఒక పక్క వంగి కుంచెలు లాగుతున్నారు. స్కూటర్ ఆపకుండానే అరిచాను, తీసెయ్యండి, వాన వచ్చేస్తోంది అని. అన్నయ్య తలెత్తి నన్ను చూశాడు, తరవాత మబ్బును చూశాడు, చేతిలో కుంచె మాత్రం వదల్లేదు.

“తడి మీదుంది కదరా. ఇప్పుడు తీసినా ముద్దే, ఉంచినా ముద్దే.”

మొదటి చినుకులు మట్టిలో పడి వాసన లేచింది. వీధిలో గగ్గోలు మొదలైంది, ఎవరికి వాళ్లు కట్లు విప్పుకుని పరుగులు. అన్నయ్యా నేనూ వదినా ఆ పడుగును చుట్టలు చుట్టి, బిడ్డను మోసినట్టు చేతుల మీద అరుగెక్కించేసరికి ముగ్గురం, పడుగుతో సహా, తడిసి కారుతున్నాం. వదిన అక్కడే చతికిలబడి పోగులు విడదీయడానికి చూసింది. కొన్ని వచ్చాయి, కొన్ని తెగాయి. కాసేపటికి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది.

అన్నయ్య నన్ను చూసి అడిగాడు, “వానొస్తందని చెప్పడానికి ఇంత దూరం వచ్చేవా? మాకూ కళ్లున్నాయి కదరా.”

“ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు.”

“ఎత్తితే ఏం చెబుతావు? పడచ్చు, పడకపోవచ్చు. అంతేగా.”

“ఊరుకోండి,” అంది వదిన, “ఆయనేం చేస్తారు? తడిసిపోయి వచ్చేరు. తల తుడుచుకోండి మరిదిగారూ.” ఆమె ఇచ్చిన తువ్వాలుతో తల తుడుచుకున్నాను. కాఫీ తాగమంటే తాగాను. ఆ రోజు నేను చెప్పింది అక్షరాలా నిజమైంది, నా ఉద్యోగంలో అంత కచ్చితంగా నిజమైన మాట ఇంకోటి లేదేమో. అయినా ఆ మాట ఒక్క పడుగునూ కాపాడలేదు.

ఆ ముసురు మళ్లీ పట్టుకుంది. మాది గుంట మగ్గం, నేసేవాడు కాళ్లు పెట్టుకోవడానికి నేలలో గొయ్యి ఉంటుంది, భూమిలోంచి ఊరిన నీరు ఆ గోతిలో నిలిచి ఎంత తోడినా మళ్లీ ఊరేది. నీళ్లు తీశాక అన్నయ్య ఇసుక తెప్పించి గొయ్యి పూడ్పించేశాడు, పైన గచ్చు చేయించాడు. నాకు చెప్పలేదు. తరవాత ఎప్పుడో వదిన ఫోన్లో, మాటల మధ్యలో, ఇప్పుడు గదిలో మంచం వేసుకోవడానికి బాగుందండి అంటే తెలిసింది.

అన్నయ్య ఇప్పుడు దిండిలో ఒక రిసార్టు గేటు దగ్గర పనిచేస్తున్నాడు. ఈ వయసులో ఎందుకని నేను ఒకసారి అన్నాను గాని, ఇంట్లో చప్పుడు లేకుండా ఎలా కూర్చోవాలో తెలియడం లేదురా అంటే ఇంక ఆ మాట ఎత్తలేదు. పోయిన కార్తీకంలో చూసి రావడానికి వెళ్లాను. టోపీ పెట్టుకుని, కారు దిగిన వాళ్లకి గొడుగు పట్టి లోపలికి తీసుకెళ్తున్నాడు. గోదారి మీద వాన పడుతోంది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు పడవ పైకెక్కి, చేతులు చాచి, తడుస్తూ ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు వాళ్ల మీద కోపం లేదు, వాళ్లకి వాన అంటే సరదా, డబ్బిచ్చి వచ్చారు. దారిలో కోసి పరిచిన వరి పనలు చూసుకుంటూ వచ్చిన నాకు మాత్రం ఆ కేరింతలు వినబుద్ధి కాలేదు.

కాసేపటికి వాన తెరిపి ఇచ్చింది. తడిసిన జుట్టు తుడుచుకుంటూ ఒకావిడ మేమున్న వైపు వచ్చి అన్నయ్యని అడిగింది, “రేపు కూడా వాన పడుతుందా అండీ? రేపొక్క రోజే ఉంటాం.”

“ఆయ్, పడుతుందండి,” అన్నాడు అన్నయ్య, ఆకాశం వైపు చూడనైనా చూడకుండా. “తప్పకుండా పడుతుంది. మీకోసమేనండి.”

ఆవిడ ఎంతో సంతోషించి వెళ్లింది. అన్నయ్య నా వైపు తిరగలేదు. మా వీధిలో ఒకప్పుడు ఆ ప్రశ్న అడగడానికి గొంతు తగ్గించేవాళ్లు, జవాబు చెప్పేవాడు రెండుసార్లు ఆలోచించేవాడు, ఎందుకంటే ఆ జవాబు మీద ఒక ఇంటి పొయ్యి ఆధారపడి ఉండేది. ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు, ఎవరైనా చెప్పవచ్చు, అడిగినవాళ్ల మనసులో ఏది ఉంటే అది చెబితే సరిపోతుంది.

మర్నాడు వాన పడింది. పనల మీదున్న వరి మొలకెత్తేదాకా పడింది.