రిజిస్టరులో ఆ తొమ్మిది రోజులు

సోమవారం పొద్దున ల్యాబ్ తాళం తీస్తుంటే క్యాంటీన్ లక్ష్మక్క పరుగున వచ్చింది. "పాపా, మన కాగితాల సారు పోయినాడంట. తెల్లారుజామున గుండెపోటంట" అంది. నేను తాళం చేత్తో పట్టుకొని మెట్టు మీద కూలబడ్డాను. ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయన గురించి నలుగురిలో చెప్పాల్సిన మాట ఒకటి ఏడేళ్ళుగా నా నోట్లోనే ఉండిపోయింది. ఇక ఎప్పుడు చెబుతాను?

గార్లదిన్నె దాటాక రోడ్డు పక్కన ఉన్న మా డ్రిప్పు పైపుల ఫ్యాక్టరీలో ఒకప్పుడు ఆయన క్వాలిటీ ఇన్‌చార్జి. పని అయితే చాలదు, అయినట్టు కాగితం మీద కనబడాలనేవాడు. అందుకే అందరూ కాగితాల సారు అన్నారు. కొత్తలో ఆయనంటే నాకు ఒళ్ళు మండేది. "మెషిన్ బాగుంది సార్" అంటే, "యాడ రాసినావు?" అనేవాడు. ఒకరోజు మంటతో, "అన్నం తిన్నాను సార్, అది కూడా రాయాలా?" అన్నాను. ఆయన నవ్వి, "తిన్నట్టు నీ మొగం చెప్తాండాది లేమ్మా" అన్నాడు.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. జాతీయ ప్రమాణాల సంస్థ ఏదైనా వస్తువు ఎలా ఉండాలో ప్రమాణం రాయాలన్నా, మార్చాలన్నా ముందు ముసాయిదా తయారుచేసి అందరి అభిప్రాయాలు అడుగుతుంది. మేమెవరం ఆ ముసాయిదా మొహం చూసేవాళ్ళం కాదు. ఆయన మాత్రం అక్షరం వదలకుండా చదివేవాడు. ఒక మే నెలలో నన్ను ఎండలోకి లాక్కెళ్ళి, చేనులో పరిచిన నల్ల పైపు మీద చెయ్యి పెట్టమన్నాడు. చుర్రుమంది. "ఆ ముసాయిదా రాసే కమిటీలో కంపెనీలోళ్ళు ఉండారు, సైంటిస్టులు ఉండారు. మన ఎండ సంగతి ఎవురో ఒకరు చెప్పాల గదమ్మా" అన్నాడు. పదిహేను రోజులు ఇద్దరం ఆ పైపు వేడి కొలిచాం. దాన్ని బట్టి పైపుల పరీక్ష మార్చమని ఆయన ఆ సంస్థకు రాశాడు. ఇప్పటికి వీలుకాదని జవాబొచ్చింది. "చూడు, చదివినారు! మళ్ళీ మార్చేటప్పుడు మళ్ళీ పంపుదాం" అని ఆ జవాబును జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు. ప్రమాణమంటే ఒకరు రాసి పారేసేది కాదనీ, అందరూ వాదులాడుకొని గట్టి అభ్యంతరం లేని మాటకు వచ్చేదాకా అది ప్రమాణం కాదనీ నాకు చెప్పింది ఆయనే.

అసలు సంగతి ఆ తరువాతి వేసవిది. ఫ్యాక్టరీ నడిచే పద్ధతికి క్వాలిటీ సర్టిఫికెట్ కోసం యజమాని దరఖాస్తు పెట్టాడు. అది రాకపోతే పెద్ద ఆర్డర్లు రావు, ఒక షిఫ్టు మూసేస్తామని ముందే చెప్పేశాడు. ఆడిటర్లు మొదటిసారి వచ్చి మా కాగితాలు చూసి వెళ్ళారు. రెండోసారి వచ్చి, రాసుకున్నట్టే పని చేస్తున్నామా లేదా చూస్తారు. ఆ ఏడాదే మా నాయన మడకశిర దగ్గర మా ఊళ్ళో మేత లేక గొర్రెలన్నీ అమ్మేశాడు. ఇంటికి నా జీతమే దిక్కు.

నా పని నీళ్ళ పరీక్ష. ప్రతి షిఫ్టులో తయారైన పైపు ముక్కను తొట్టిలో ముంచి, లోపలికి ఒత్తిడితో నీళ్ళు పంపి, చీలుతుందేమో గంటసేపు చూడాలి. ఆ వేసవిలో ఫ్యాక్టరీ వెనక కాలనీ బోరు ఎండిపోయింది. ఆడవాళ్ళు బిందెలు పట్టుకొని గేటు దగ్గర నిలబడేవాళ్ళు. ఒక ముసలమ్మ, "అమ్మా, పిల్లోళ్ళకు గొంతు తడుపుకొనేకి కూడా లేవు" అంది. మా బోరు కూడా అంతంతమాత్రమే. తొట్టికి వచ్చే పైపు తీసి వాళ్ళ బిందెల్లో పెట్టాను. ఒక్కరోజే అనుకున్నాను. తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ పరీక్ష జరగలేదు. రిజిస్టరులో మాత్రం పాత అంకెలు చూసి కొత్త అంకెలు వేశాను. సారు ఆడిట్ కాగితాల హడావుడిలో చదవకుండానే సంతకాలు చేశాడు.

ఆడిట్‌కు నాలుగు రోజుల ముందు ఆ రిజిస్టరు తిరగేస్తూ ఆగిపోయాడు. "నీళ్ళ కాడ రాసే పుస్తకం. ఈ తొమ్మిది పేజీల మీద ఒక్క నీటి మరక లేదేమ్మా?" అన్నాడు. అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నీళ్ళు ఇచ్చినావు, బాగుండాది. పరీక్ష చేయలేదని ఎందుకు రాయలేదు?" అన్నాడు. "పని తీసేస్తారని సార్" అన్నాను.

గంటలో ఆ తొమ్మిది రోజుల సరుకు గేటు దాటకుండా ఆపించాడు. ట్యాంకరు తెప్పించి తొట్టి నింపించాడు. ఇద్దరం మూడు రోజులు ఒక్కో పైపు చుట్ట నుంచి ముక్క కోసి పరీక్ష చేశాం. మూడోరోజు సాయంత్రం రెండో మెషిన్ పైపు ఉబ్బి, టప్పున చీలిపోయింది. ఆ చుట్టలు మరుసటి రోజు కణేకల్ రైతులకు పోవాల్సినవి.

యజమాని ఊగిపోయాడు. "ఆ పేజీలు చించేయ్ సార్! రేపు ఆడిట్ పెట్టుకొని ఇదేం పీకులాట?"

"చించితే అది ఇంకో తప్పయితాది."

"రాసిందెవురు? పేరు చెప్పు. ఇప్పుడే పంపించేస్తా."

నేను తలుపు దగ్గరే ఉన్నాను. సారు నా వైపు చూడనైనా చూడలేదు. "కింద సంతకం నాదప్పా. నన్నడుగు" అన్నాడు.

మరుసటి రోజు ఆడిటర్లు కూర్చోగానే, అడక్కముందే ఆ రిజిస్టరు, చీలిన పైపు ముక్క వాళ్ళ ముందు పెట్టాడు. యజమాని మొహం నల్లబడింది. పెద్ద ఆడిటర్ పేజీలు తిప్పి తిప్పి, "ఇది పెద్ద లోపమే. సరిదిద్దేదాకా సర్టిఫికెట్ ఇవ్వలేం" అన్నాడు. ఎందుకు జరిగిందో, మళ్ళీ జరక్కుండా ఏం చేస్తారో రాసివ్వాలన్నాడు. "కారణం" అన్న గడిలో నా పేరు రాయమని యజమాని పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో! కానీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళలో రాసిందెవరో ఆయనకు తెలియదు, రిజిస్టరులో ఇన్‌చార్జి సంతకం ఒక్కటే ఉంటుంది. సారు రాసింది ఇది: వేసవిలో పరీక్షకు వేరుగా నీళ్ళు లేవు, కాలనీకి నీళ్ళు లేవు, పరీక్ష ఆగితే చెప్పే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు, ఇన్‌చార్జి చదవకుండా సంతకం చేశాడు. వాడిన నీళ్ళే తిరిగి వాడుకునే ట్యాంకు కట్టించడం, కాలనీకి గోడ బయట కొళాయి పెట్టించడం, పరీక్ష ఆపే అధికారం ల్యాబ్‌కే ఇవ్వడం, ఇవీ దిద్దుబాట్లు. ఆడిటర్లు మళ్ళీ వచ్చి, కొళాయి కూడా తిప్పి చూసి, సర్టిఫికెట్‌కు ఒప్పుకున్నారు. షిఫ్టు నిలబడింది. నెల తిరక్కుండానే సారును పంపించేశారు.

దొంగలెక్కలు రాసినవాడని ఫ్యాక్టరీలో పేరు పడింది. నేను నోరు మెదపలేదు. ఒకసారి ఆయన ఇంటికి వెళ్ళి ఏడిస్తే, "నీ పని నువ్వు చూసుకో పాపా. ఇప్పుడు రిజిస్టరు మీద మరకలు పడతాండాయా?" అని నవ్వాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్నది నేనే. సిగ్గుగా ఉంది, చెబుతున్నాను.

ఆయన పోయిన ఆ సోమవారం అనంతపురంలో వాళ్ళింటికి అందరం వెళ్ళాం. చాప మీద ఆయన భార్య కూర్చుని ఉంది. యజమాని దండ పట్టుకొని నిలబడి, "మంచోడే. ఆ దొంగ రిజిస్టరు ఒక్కటి తప్ప ఏ మచ్చా లేదు" అన్నాడు, ఆమెకు వినబడేలా.

"అది రాసింది నేను" అన్నాను.

నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా. "తొమ్మిది రోజులూ నేనే రాసినాను. సారు రాయలేదు." యజమాని చేతిలో దండ అట్లాగే ఉండిపోయింది. ఆయన భార్య తలెత్తి నన్ను చూసింది. తరువాత చాప మీద కొంచెం పక్కకు జరిగి, నాకు చోటిచ్చింది.