చిల్లుల అట్ట

మనస్తత్వశాస్త్ర విభాగంలో ఆమెను అందరూ చిల్లులక్క అంటారు. పిల్లలు నింపిన ప్రశ్నపత్రం మీద చిల్లులున్న అట్ట పరిచి, ఒక్కో చిల్లులోంచి తొంగిచూసే టిక్కుల్ని లెక్కపెట్టడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే అట్ట. అంచులు నానిన బిస్కట్టులా మెత్తబడ్డాయి. కంప్యూటరు వచ్చాక కూడా ప్రొఫెసరుగారు "మీరోసారి చూడందే నాకు నమ్మకం కుదరదు" అంటారు.

ఈసారి కొలుస్తున్నవి కాలేజీ పిల్లల్లో స్కిజోటైపల్ లక్షణాలు. ఎవరూ లేనిచోట ఎవరో ఉన్నట్టనిపించడం, దారిలో వినపడే నవ్వులన్నీ తన గురించే అనిపించడం, నలుగురిలో మాట పెగలకపోవడం, ఇలాంటివి ఎవరిలో ఎంతున్నాయో చూడటం. అంకె పెద్దదైన వాళ్లను మాట్లాడటానికి రమ్మని చీటీలు పంపారు.

మధ్యాహ్నం ఒకమ్మాయి చెమటకు తడిసిన చీటీతో గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నాకు పిచ్చని తేలిందా? తేలితే చెప్పేయండి. టీసీ తీసుకుని వెళ్లిపోతాను. అమ్మకి ఫోన్ కూడా చేసేశాను."

"ముందు కూర్చో. ఏం చెప్పావు అమ్మకి?"

"ఏం చెప్పలేదు. ఏడ్చాను."

"బాగుంది! పాపం ఆవిడ ఈపాటికి బస్సెక్కేసి ఉంటుంది."

అమ్మాయి నవ్వబోయి ఆగింది.

ఆ ఆగడం చిల్లులక్కకు తెలుసు. ఈ కాలేజీలోనే చదివే రోజుల్లో, ఇదే బల్ల ముందు తనూ అలాగే ఆగింది. ఆ ఏడు అందరికంటే పెద్ద అంకె తనదే. పెట్టె సర్దుకుని మరీ వచ్చింది. అప్పటి పెద్ద మేడమ్ ఓదార్చలేదు. అట్ట చేతికిచ్చి, "నీది నువ్వే లెక్కపెట్టుకో" అంది. లెక్క ముగిశాక, "ఇది దర్జీ టేపులాంటిదమ్మా. కొలత చెబుతుంది, జబ్బు చెప్పదు. ఏదైనా కష్టంగా ఉంటే మాత్రం నాకు చెప్పు" అంది మేడమ్. మర్నాడు మిగతా కాగితాలు లెక్కపెట్టడానికి రమ్మంది. ఆ రాత్రే తను పెట్టె విప్పేసింది.

చిల్లులక్క ఆ అమ్మాయి నంబరున్న కాగితం తీసి, అట్ట పరిచి, పక్కకు జరిగింది.

"నీది నువ్వే లెక్కపెట్టుకో."

వేలు చిల్లు నుంచి చిల్లుకు మెల్లగా నడిచింది.

"నలభై ఒకటి."

"నాది నలభై మూడు."

"మీకా?"

"మరేంటి! ఇప్పటికీ ఖాళీ మెట్ల మీద ఎవరో పిలిచినట్టుంటుంది. 'వస్తున్నా' అనేసి నా పని నేను చూసుకుంటా."

ఈసారి నవ్వు ఆగలేదు. దాని వెనకే మాట వచ్చింది. "వారం నుంచి నిద్ర లేదక్కా. అది మాత్రం నిజం."

"అదే ప్రొఫెసరుగారికి చెప్పు. ఆ చీటీ ఉన్నది అందుకే."

అట్ట మూలన పెద్ద మేడమ్ చేత్తో రాసిన తేదీ సగం చెరిగిపోయింది. చిల్లులక్క దాన్ని బొటనవేలితో ఓసారి నిమిరింది. రోజూ ఆవిడను తలుచుకునే తీరు అదే.

వరండాలో అమ్మాయి ఫోన్లో అంటోంది: "బస్సు దిగిపోమ్మా. ఏం లేదు, నలభై ఒకటే!"