ఆరో ఆల్బమ్‌లో అతని చెయ్యి లేదు

బ్యాండులో అందరూ అతన్ని దరువు అనేవాళ్లు. పాడేది అతని బావ. అక్కతో పెళ్లి కాకముందు నుంచే ఇద్దరూ జోడీ: బావ గిటారు, ఇతను డ్రమ్స్. వయసులో ఉండగా అయిదు ఆల్బమ్‌లు చేశారు. మొదటి రెండూ ఊరూరా మోగాయి, తర్వాతివి మూలన పడ్డాయి. బావ ప్రకటనలకు పాటలు కట్టుకుంటూ నిలదొక్కుకున్నాడు. దరువు స్కూలు బస్సు డ్రైవరయ్యాడు. డ్రమ్స్ మాత్రం వదులుకోలేదు. పడకగదిలో సగం అవే ఆక్రమించాయి. భార్య పక్కకి ఒదిగి నడవడం అలవాటు చేసుకుంది.

చాలా ఏళ్ల తర్వాత బావ వచ్చి ఆరో ఆల్బమ్ చేద్దామన్నాడు. పాత అభిమానులు అడుగుతున్నారట, కంపెనీ కూడా దొరికిందట. "నువ్వు లేకపోతే అది మన బ్యాండే కాదురా" అన్నాడు. ఆ ఒక్క మాటకే దరువు పొంగిపోయాడు. వేసవి సెలవులన్నీ స్టూడియోలోనే గడిపాడు. మొరాయించిన మణికట్లు మళ్లీ మాట వినేదాకా సాధన చేశాడు. వేళ్లు బొబ్బలెక్కి పగిలితే ప్లాస్టరు చుట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

ఆల్బమ్ విడుదలైన రోజు అక్క ఇంట్లో అందరూ కలిసి విన్నారు. మొదటి పాట సగానికి రాకముందే దరువు మొహం వాడిపోయింది. ఆ మోత తనది కాదు. ప్రతి దెబ్బా ఒకే బరువుతో, గీత గీసినట్టు పడుతోంది. పల్లవిలోకి దిగే ముందు తను కావాలని లాగిపట్టే చిన్న ఆలస్యం ఎక్కడా లేదు. మిగతా పాటలూ అంతే.

"ఇది నేను వాయించింది కాదు బావా."

బావ సౌండు తగ్గించాడు. "కంపెనీవాళ్లు మెషిన్ మీద చేయించార్రా. ఇప్పటివాళ్లకి అలాగే కావాలట. నీ పేరైతే వేశాంగా, ఇంకేంటి?"

అక్క కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లబోయింది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"బాధపడతావని చెప్పలేదు" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

తన పేరు తీసేయమన్నాడు దరువు. ఇప్పుడెలా కుదురుతుందన్నాడు బావ.

ఆల్బమ్ ఇరగాడేసింది. బస్సులో పెద్దపిల్లలు ఆ పాటలే పెట్టుకుని ముందు సీట్ల మీద దరువేసేవాళ్లు. ఇది మీరే కదా అంకుల్ అని అడిగితే కాదన్నాడు. వాళ్లు ఫోనులో పేరు చూపించి, ఎందుకు దాస్తారని నవ్వారు. ఎన్నిసార్లు కాదన్నా వినలేదు. చివరికి ఓ పొద్దున విసుగెత్తి, అవును నేనే అనేశాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. ఆ పూట అన్నం సయించలేదు.

తర్వాత కచేరీలు మొదలయ్యాయి. బావ ఫోను చేశాడు. మెషిన్ మోత వెనకనుంచి వస్తూనే ఉంటుంది, పైపైన కర్రలు ఆడిస్తే చాలన్నాడు. శ్రమ కూడా ఉండదన్నాడు.

"శ్రమ నేను పడ్డాను బావా. మీరు అవతల పారేశారు" అని దరువు ఫోను పెట్టేశాడు.

అతని చోట ఇంకెవరినో కూర్చోబెట్టారు. కచేరీలు కిటకిటలాడాయి. తేడా ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు అక్క ఒక్కతే అప్పుడప్పుడూ వస్తుంది. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు మాట్లాడుకుంటారు. ఓసారి ఆమె వెళ్లాక, అన్నయ్యగారితో ఎన్నాళ్లిలా అని భార్య అడిగింది.

దరువు వెళ్లి డ్రమ్స్ వెనక కూర్చున్నాడు.

"పాటలు బాగానే కుదిరాయి. నేను లేకుండానే" అన్నాడు. "అదే మింగుడు పడట్లేదు."