కేకనుకుని అమ్మేసిన గుమ్మడికాయ వంటకం

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆదోనిలో మా కాపురం. ఒక ఆదివారం ఆలూరు నుంచి మా ఆడబిడ్డ భోజనానికి వస్తానంది. "నీకు పప్పు తప్ప ఏమొస్తాది?" అని ఎప్పుడూ దెప్పే మనిషి. ఆమె నోరు మూయించాలని, మా ఆయనకు కూడా చెప్పకుండా, ఫోన్‌లో చూసిన కుగెల్ చేయబోయాను. గుమ్మడికాయ తురుములో గుడ్లు, మైదా, మిరియాలు కలిపి కాల్చి, భోజనంలో నంజుకునే వంటకం అది. ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి, పొద్దున్నే బస్టాండు దగ్గరి బేకరీలో ట్రే ఇచ్చి వచ్చాను.

పదకొండింటికి వెళ్తే ట్రే ఖాళీ!

"తప్పయిపోయిందక్కా. మావోళ్లు కేకనుకొని అమ్మేసినారు" అన్నాడు యజమాని.

"ఎట్ల అమ్ముతారన్నా? తురిమి తురిమి నా చేతులు వాసిపోయినాయి!" అని అరిచాను. ఏం లాభం? ఖాళీ ట్రే పట్టుకుని ఇల్లు చేరాను.

అప్పటికే వచ్చిన వదిన ఒక డబ్బా విప్పుతోంది. "బస్టాండు కాడ కొత్తరకం కేకు కనపడితే తెచ్చినా" అంటూ ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "థూ! కేకులో మిరియాలేంది? ఎవురు చేసినారో గానీ వాళ్లకు వంటే రాదు."

మా ఆయన మాత్రం పప్పన్నంలో నంజుకుని, "బాగుండాది కదక్కా!" అన్నాడు. అప్పుడైనా అది నేనే చేశానని చెప్పలేకపోయాను.

కేకనుకుని తింటే ఏ కూరైనా బాగుండదు. ఆ ఒక్కమాట అనలేనందుకు ఇప్పటికీ బేకరీవాళ్ల మీదకన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం.