శాంతిపురం క్వారీలో ఏడో మందు

దయ్యాల మాటంటే నాకు మొదటినుంచీ నవ్వు. ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మనే రకం నేను. ఇప్పుడూ అదే చెబుతాను. కానీ ఎనభైల మొదట్లో కుప్పం పక్కన శాంతిపురం క్వారీలో నా చెవులతో విన్నదాన్ని కాదనలేను.

అప్పుడు మదనపల్లెలో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. నల్లరాయి కొనడానికి ఇటలీ నుంచి ఒక దొర వస్తున్నాడు, నాలుగు రోజులు దుబాసీగా ఉండమని కాంట్రాక్టరు కబురు పెట్టాడు. దిగిన రోజే దొర చేత వాచీ నాలుగున్నర గంటలు ముందుకు తిప్పించాను. మిట్టమధ్యాహ్నం మందు పేలుస్తారు, ఆ వేళకు గుంత దగ్గర ఉండకూడదని చెప్పాను. నమస్కారం, నీళ్ళు, చాలు, నిదానం, బాగుంది అనే అయిదు మాటలు కాగితం మీద రాసిచ్చాను. మూడు రోజులైనా నీళ్ళు అనడం చేతకాలేదు. ఆ 'ళ' ఆయనకు కొరకరాని కొయ్య అయింది.

మందు పేల్చే మేస్త్రీ మునెప్ప. అతని తమ్ముడు చిన్నప్ప అంతకుముందు ఏడాది అదే గుంతలో బండ మీదపడి చచ్చిపోయాడు. ఆ సంగతి నేను దొరకు చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఏడు మందులకు నిప్పు పెట్టి అందరం పెద్ద బండ చాటుకు వచ్చాం. ఎన్ని పేలాయో లెక్కపెట్టడం అక్కడి కట్టుబాటు. ఆరే పేలాయి. ఒకటి మిగిలిందంటే అరగంట దాకా ఎవరూ కదలకూడదు. కదిలినోడి కాళ్ళు విరగ్గొడతానని అరిచింది కూడా మునెప్పే.

అప్పుడు నా పక్కన కూర్చున్న దొర నోరు తెరిచాడు.

"అన్నా, నేనీడనే ఉండాను. బండ కింద కాలిరుక్కోనుండాది. రా అన్నా."

పడుచు గొంతు, అచ్చం ఆ ఊరి యాస. అది చిన్నప్ప గొంతేనని కూలీలంతా తర్వాత చెప్పారు. దొర కళ్ళు మూసుకుని ఉన్నాయి.

మునెప్ప లేచాడు. నేను చొక్కా పట్టుకుంటే నా మొహం మీద గుద్ది, విదిలించుకుని గుంతలోకి పరిగెత్తాడు. ఏడోది పేలింది. అతని చెయ్యి మా బండ దాకా వచ్చి పడింది.

కూలీలు దొర మీద పడ్డారు. సుత్తి పిడులతో, రాళ్ళతో కొట్టారు. ఆయన రక్తం కక్కుతూ "చాలు, చాలు" అన్నాడు. అన్నం వడ్డించేటప్పుడు అనమని నేను నేర్పిన మాట అది. ఆ మాట నేర్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒకడు నా గొంతు పట్టుకుని అడిగాడు. "మునెప్పను పిలిసిన ఆ మాటలు నువ్వు నేర్పించినావా సారూ?"

లేదన్నాను. నిజమే చెప్పాను. నేర్పించానని అబద్ధమాడి ఉంటే సగం దెబ్బలు నాకు పడేవి, ఆయనకు ఆ రోజు పోయిన కన్నయినా మిగిలేది. నేను లేదనడంతో వాళ్ళకు ఆయన మనిషి కాదని తేలిపోయింది. మళ్ళీ రాళ్ళెత్తారు. కాంట్రాక్టరు జీపు వచ్చేదాకా ఆపలేదు.

కుప్పం ఆస్పత్రిలో దొర నన్ను ఇంగ్లీషులో ఒకటే అడిగాడు. ఆరు పేలడం వరకు గుర్తుందట, ఆ తర్వాత దెబ్బలే గుర్తు. తను వాళ్ళకు ఏం చేశాడని అడిగాడు.